గాజుల ఈగకు రెండు పుస్తకాలు

భాస్కరరావు సార్ టేబుల్ మీద రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టిండు. పెట్టంగనే సోనీ చేతులు ఆగలే, ఒకటి అందుకోబోయింది, సార్ ఆ చేతికి స్కేలు అడ్డం పెట్టిండు.

"ఆగమ్మా, ముందు విను. కోఠీలో షాపువాడు అప్రూవల్ మీద పంపాడు. వారం మన దగ్గరుంటాయి. చూసి, డిపార్ట్‌మెంటుకి ఒకటి ఉంచుకుంటాం, రెండోది వాపసు. తేనెటీగలంటే నాకు పరీక్ష పేపర్లో వచ్చే నాలుగు మార్కులు. ఈ కాలేజీలో వాటి వెనకాల పడి తిరిగేది నువ్వొక్కదానివే. ఇంటికి పట్టుకెళ్ళు, ఏది కావాలో శనివారం చెప్పు. మరక పడిందా, అదే కొనాలి. గుర్తుంచుకో."

"పడది సార్! పేపర్ అట్ట ఏస్త సార్! చేతులు కడుక్కోంది ముట్టుకోను సార్!"

"మీ గేదెలకి కూడా చెప్పు, చేతులు కడుక్కోమని" అన్నది ఎనకకెల్లి బిందుమాధవి. బిందు సోనీ బెంచీమేట్. మలక్‌పేటల ఉంటది, వాళ్ళ నాన్న సర్కారు ఆఫీసుల పనిచేస్తడు, ఏలూరు దిక్కుకెల్లి వచ్చిన్రు. సోనీని ఏడిపియ్యకుంటే ఆ పిల్లకు అన్నం అరుగది.

"బర్రెలకు చేతులు ఉండయ్ బిందూ. నీకున్నయ్, జర ఈ సంచి పట్టుకో."

రెండు పుస్తకాలు ఇంగ్లీషువే, రెండూ అడవి తేనెటీగలను గుర్తుపట్టే పుస్తకాలే. కానీ ఒకదానికి ఒకటి పోలికే లేదు. ఒకటి పెద్దది, నున్నటి కాయితం, ఏ పేజీ తెరిచినా రంగుల బొమ్మ, ఈగ ముఖం మీది వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు, గంత మంచిగుంది. రెండోది గోధుమరంగు అట్టది, పాతకాలం పుస్తకాన్ని మళ్ళ అచ్చేసిన్రు, చీమల్లాంటి అక్షరాలు, బొమ్మల్లేవు. ఆడాడ ఒక రెక్క గీసి, దాంట్ల గళ్ళకు నంబర్లు ఏసిన్రు, అంతే. మిగిలినయన్నీ ప్రశ్నలే. రెక్కల మూడు గళ్ళున్నయా? పద్నాలుగుకు పో. లేవా? ఇరవై రెండుకు పో. గట్ల పోంగ పోంగ ఒక పేరు కాడ తేల్తం.

"ఇదేం పుస్తకమే, సర్కారాఫీసు గుమాస్తాలా ఆ కిటికీకి పో, ఈ కిటికీకి పో అంటూనే ఉంది" అన్నది బిందు. "రంగులది తీసుకో, అయిపోతుంది."

సోనీకి కూడ గట్లనే అనిపించింది. బస్సుల సంచి ఒళ్ళో పెట్టుకొని కిషన్‌బాగ్ దాక రంగుల పుస్తకం అట్టనే నిమురుకుంట పోయింది.

కాని సోనీకి ఇది కాలేజీ పని ఒక్కటే గాదు. ఇంటికాడ గోడ ఉంది.

వాళ్ళింట్ల పది బర్రెలు, ఒక దున్న, వాటికి కొట్టం, కొట్టానికి ఆనుకొని ఇల్లు. కొట్టానికి మూడు గోడలు సిమెంటువి. పొద్దుపొడుపు దిక్కుది మాత్రం మట్టిగోడ. తాత మైసయ్య వాళ్ళమ్మ చేతులతోటి పెట్టిన గోడ, మూరెడు మందం. ఆ గోడ నిండ పెన్సిల్ దూరేంత తూట్లు. ఒక్కో తూటుల ఒక్కో ఈగ. బొటనేలి గోరంత ఉంటది, ఛాతి మీద పసుపుపచ్చ బొచ్చు, నల్లటి కడుపు మీద మెరిసే నీలం పట్టీలు. సోనీ వాళ్ళమ్మ రాజమణి దాన్ని గాజుల ఈగ అంటది. లాడ్‌బజార్ గాజులు తొడుక్కొని వచ్చినట్టే ఉంటదని. అది పెరట్ల తులసి మీద వాలదు, గాలిల్నే ఆగి, నాలుక సాపి తాగి, జుయ్‌మని గోడకు పోతది. మూడేండ్ల సంది సోనీ దాన్ని చూసుకుంట కూసుంటే చదువు, పని, తిండి ఏదీ యాదికి రాదు.

తాతకు మాత్రం ఆ గోడను చూస్తే తల కొట్టేసినట్టుంది. దీపావళి అయిన రెండోనాడు సదర్, దున్నలను సింగారిచ్చి ఊరేగించే పండుగ. ఈసారి వాళ్ళ దున్న కూడ పోతుంది. కొమ్ములకు నూనె, మెడకు గవ్వల పట్టెడ, నెమలీకలు, డప్పులు. అంతకు ముందు బస్తీ అంత ఇంటికొచ్చి దున్నను చూసిపోతరు.

"దున్న ఎనక జల్లెడ లాంటి గోడుంటే ఏమంటరు? మైసయ్యకు గోడకు దిక్కులేదు గని దున్నకు నెమలీకలు పెట్టిండంటరు. సిమెంట్ కొట్టిస్త."

"కొడ్తే అవి సస్తయ్ తాతా. లోపల పిల్లలుంటయ్."

"అవేంది? పేరు జెప్పు. గోడకు మంచియా చెడ్డయా జెప్పు. నీ నోటిమాట గాదు. కితాబుల ఉన్నది సదివి జెప్పు, అప్పుడు సోంచాయిస్త."

తాత నైజాం కాలంల ఉర్దూ బడిల నాలుగో తరగతి చదివిండు. కితాబు అంటే ఆయనకు ఇప్పటికీ లేచి నిలబడేంత ఇజ్జత్. కాబట్టి గోడ నిలబడాల్నంటే పుస్తకం మాట్లాడాలె. ఆ పుస్తకం ఇయ్యాల సోనీ సంచిల ఉంది. మస్తు ఖుషీల ఉంది పిల్ల.

ఇంట్లకు రాంగనే చేతులు కడిగింది, తుడిచింది, కొట్టం అరుగు మీద కూసొని రంగుల పుస్తకం తెరిచింది. పది పేజీలు తిప్పిందో లేదో, ఎగిరి గంతేసింది.

"దొరికింది! అమ్మా! తాతా! దొరికింది రాండ్రి!"

అవే పట్టీలు, అదే పసుపు బొచ్చు. పట్టీలు జర తెల్లగున్నయ్, నీలం లేవు, కానీ అచ్చుల రంగు కొట్టుకపోతది గద అనుకున్నది. రాజమణి పెండ చేతులతోటి ఉరికొచ్చింది. "ముట్టకు ముట్టకు ముట్టకు!" అని సోనీ పుస్తకాన్ని నెత్తి మీదికి లేపింది. తాత మంచం మీద లేచి కూసున్నడు.

"సదువు."

సోనీ ఇంగ్లీషు చదువుకుంట, తెలుగుల చెప్పుకుంట, గుక్క తిప్పుకోకుండ పోయింది. "ఇది ఒంటరిగ ఉండే ఈగ. తుట్టె పెట్టది. పాత గోడలల్ల, ఇటుకల నడుమ గచ్చుల తూట్లు చేస్తది. ఏండ్ల తరబడి అదే గోడల ఉంటది. చూసినవా తాతా, అచ్చం మనదే! గుంపు పెరిగిన కొద్దీ ఆ గోడ బలం..."

ఆగింది.

"బలం?" అన్నడు తాత.

"...తగ్గుతది."

సోనీకి ముఖం ఎక్కడ పెట్టుకోవాల్నో తెలుస్తలేదు. ఒక్క లైను ముందే మనసుల చదువుకుంటే ఏం పోయేది? ఎప్పుడూ గింతే, నోరు ముందు పోతది, కండ్లు ఎనక వస్తయ్.

"కితాబు జెప్పింది గద" అన్నడు తాత, కోపంగ గాదు, మామూలుగనే. లోపలికి పోయి ఫోన్ తిప్పిండు. "నర్సింహా, ఆదివారం రా. ఆఁ, మట్టిగోడకే. సిమెంట్ తెచ్చుకో."

సోమవారం అది. ఆదివారానికి ఆరు దినాలు.

తెల్లారి కాలేజీల సంగతంత ఇంటే బిందు నెత్తి కొట్టుకున్నది. "నువ్వు చదివావు కాబట్టి తెలిసింది. తప్పు చదివాను తాతా, బలం పెరుగుతుంది అని రాసుంది అను. ఆయనకి ఇంగ్లీషు రాదుగా?"

"రాదు."

"మరి?"

"రాదనే గదనే నన్ను చదువుమన్నడు."

అన్నదే గని, బిందు మాట సోనీ నెత్తిల రెండు దినాలు తిరిగింది. అబద్ధం చెప్తే గోడ ఉంటది. ఒక్క మాట. ఎవరికీ తెల్వది.

బేస్తవారం పొద్దుగాల జహంగీర్ భాయ్ ఒక బర్రెను తోలుకొని వచ్చిండు. బర్రెల బేరం చేస్తడు, తాతకు పాత పరిచయం. బర్రె మంచిగనే ఉంది, నుదుటి మీద తెల్లమచ్చ. తాత దాని చుట్టు రెండుసార్లు తిరిగి, వీపు మీద చేయేసి, ఏమీ ఎరగనట్టు అడిగిండు.

"భాయ్, దూడ లేకున్నా చేపుతదా?"

"నై చాచా. మీతోని అబద్ధమెందుకు? బడీ జిద్దీ హై, మహా మొండిది. దూడ మూతి పెట్టంది చుక్క ఇడువది. దూడను గూడ తీసుకుంటేనే తీసుకోండ్రి."

"ఎన్నో ఈత?"

"నేను కొన్నంక ఒకటి ఈనింది. అంతకు ముందు ఎన్నో నాకు తెల్వదు. పండ్లు జూసి మీరే జెప్పాలె."

తాత పండ్లు కూడ చూడలే. చాయ్ తాపిచ్చి, బర్రెను, దూడను కట్టేయించిండు. జహంగీర్ భాయ్ గేటు దాటంగనే సోనీ ఉరికింది.

"తాతా, ఈ బర్రె మాదన్నపేటల సత్తెమ్మత్త ఇంటికాడ ఉండె గద! దూడ లేకుంటే చేపదని అత్త రోజు మొత్తుకుంటుండె. నీకు తెలుసు గద!"

"తెలుసు."

"మరెందుకు అడిగినవ్?"

"తెలుసు కాబట్టే అడిగిన" అన్నడు తాత. "తెల్వంది అడిగితే, ఆడు జెప్పింది నిజమో కాదో నాకెట్ల తెలుస్తది?"

సోనీ ఆడ్నే నిలబడ్డది. దూడ ఆమె చున్నీ నములుతుంది, అది కూడ సోయి లేదు. మూడు దినాల సంది ఆమె పుస్తకాన్ని తెల్వంది అడుగుతుంది! తెల్వని ఈగను పట్టుకపోయి, దీని పేరేంది అని అడిగి, అది ఏం చెప్తే అది నమ్మి కూసున్నది. తెలిసిన ఈగను ఒక్కసారన్నా అడిగిందా?

ఆ దినం కాలేజీకి పోలే. చేతులు కడిగింది, రెండు పుస్తకాలు అరుగు మీద పెట్టింది.

ఏం తెలుసు తనకు? జుంటీగ తెలుసు. పెరట్ల వేపకొమ్మకు అరచెయ్యంత తుట్టె పెట్టింది, ఒక్కటే మైనం రేకు, బయటికే ఏలాడుతుంది, అందరికీ కనపడ్తది. అడుగుదాం.

రంగుల పుస్తకం తెరిచింది. తేనెటీగ అంటే ఒకటే బొమ్మ. పెట్టెలల్ల ఉంటది, చెట్టు తొర్రల్ల ఉంటది, రేకులు వరుసగ పెడ్తది. బయట కొమ్మకు ఒక్క రేకు పెట్టే చిన్నది? లేదు. ఎనక సూచిక చూసింది. లేదు. పోనీ కొట్టం వెదురుబొంగుల ఉండే పెద్ద నల్ల తుమ్మెద? ఉంది, కానీ "మా దిక్కు అరుదు" అని రాసిన్రు. అరుదు ఏంది, రోజుకు నాలుగు మొఖానికి తాకుతయ్!

అప్పుడు మొట్టమొదటి పేజీకి పోయింది. సోమవారంనాడు దూకుకుంట దాటిపోయిన పేజీ. ఒక మ్యాప్ ఉంది, దాంట్ల ఎక్కడో చల్లటి దేశాలు. కింద రాసుంది, ఈ ఈగలు మంచు కరిగినంక ఏప్రిల్‌ల బయటికొస్తయ్ అని.

"అమ్మా, ఏప్రిల్‌ల మంచు కరుగుతదంట!"

"మనకు తారు కరుగుతది" అన్నది రాజమణి లోపలికెల్లి.

పుస్తకం అబద్ధమేం చెప్పలే. దాని ఊరి సంగతి అది నిజాయితీగ చెప్పింది. కిషన్‌బాగ్ దానికి తెల్వదు, అంతే. ఆ బొమ్మల ఈగ వేరే, ఆ గోడ వేరే. తప్పు ఎవరిదంటే, మ్యాప్ చూడకుండ ఉరికిన పిల్లది.

గోధుమ అట్టది తెరిచింది. ప్రశ్న నుంచి ప్రశ్నకు, నంబర్ నుంచి నంబర్‌కు. జుంటీగ: అన్నిట్ల చిన్నది, బయట కొమ్మకు ఒకటే రేకు. సోనీ తల లేపి వేపచెట్టు దిక్కు చూసింది. ఉంది! తుమ్మెద: ఎండిన కట్టెల, వెదురుల తొలుస్తది, అంతట కనపడ్తది. ఉంది! కరెంటు మీటర్ డబ్బల గూడు పెట్టుకున్న నువ్వుగింజంత ఈగ ఒకటుంటది, దాన్ని అడిగింది. పేరు చెప్పింది, గూడు సంగతి తమకు సరిగ తెల్వదని రాసింది. జహంగీర్ భాయ్ లెక్కనే. సోనీకి నవ్వొచ్చింది.

ఇగ గాజుల ఈగ. కానీ ఈ పుస్తకం బొమ్మ చూపియ్యది, ఈగను చేతుల పెట్టుమంటది. ఆ సాయంత్రమే బర్రెలు నీళ్ళు తాగే గోలెంల ఒకటి మునిగి సచ్చి తేలింది. సోనీ దాన్ని చీపురుపుల్లతోటి తీసి, కాయితం మీద ఆరబెట్టింది. శుక్రవారం బిందు కాలేజీ భూతద్దం పట్టుకొని, ముక్కుకు కర్చీఫ్ కట్టుకొని కొట్టంలకు దిగింది.

"వాసన పడదని చెప్పొచ్చు కదే, రానిదాన్ని."

"నీకు వాసన, మాకు ఇల్లు. భూతద్దం ఇటియ్యి."

రెక్కల మూడు గళ్ళు. ఉన్నయ్. నాలుక పొడుగు. ఉంది. కాళ్ళకు బొచ్చు. ఉంది. ప్రశ్నలు ఒక్కొక్కటి దాటుకుంట పోయింది. చివరికి రెండు పేర్లు మిగిలినయ్, వాటి నడుమ ఒక్క ప్రశ్న. ఛాతి మీది పసుపు బొచ్చుల నల్ల వెంట్రుకలు కలిసి ఉన్నయా, లేవా?

సచ్చిన ఈగ ఛాతి నీళ్ళల్ల నాని, బొచ్చంత ముద్దయింది. ఏ రంగో దేవునికెరుక.

"బతికున్నదాన్ని పట్టు" అన్నది బిందు.

గోడ మీద వాలినదాని మీద గ్లాసు బోర్లిచ్చింది. అది లోపల బిర్రున తిరుగుతుంటే నీలం గీత తప్ప ఏమీ కనపడలే. మెల్లగ చున్నీ కొసతోటి పట్టి చూద్దామనుకున్నది. పట్టుకున్నది. "అబ్బా!" అని ఇడిచిపెట్టింది.

"కుట్టిందా?"

"చీమ కుట్టినట్టు. జర ఎక్కువ." చూపుడువేలు ఎర్రగయింది. ఈగ ఎప్పుడో పోయింది.

బిందు ఆ వేలు చూసి గొంతు తగ్గించింది. "ఒసేయ్, ఇది మాత్రం తాతగారికి చెప్పకు. గోడ కంటే ముందు నిన్ను తిడతారు. కుట్టే పురుగుల్ని ఎవరన్నా ఇంట్లో పెట్టుకుంటారా?"

సోనీ వేలును చున్నీల చుట్టుకున్నది.

తర్వాత ఆమె ఒక పని చేసింది, అది ఏ పుస్తకంల లేదు. పాతబడి ఈగలు ఇడిచిన తూట్లు ఏరి, చీపురుపుల్ల దూర్చి లోతు కొలిచింది. పదిహేను తూట్లు చూస్తే, ఏదీ ఏలెడు దాటలే. అమ్మను పిలిచి అడిగింది.

"అమ్మా, నువ్వు ఈ ఇంటికొచ్చినప్పుడు ఇవి ఉండెనా?"

"ఉండె. ఇరవై రెండేండ్లాయె. ప్రతి యేడు మట్టితోటి అలుకుత, మళ్ళ తొలుస్తయ్. మా అత్త గూడ గట్లనే అలికేది. ఎందుకే?"

నోట్‌బుక్‌ల అది కూడ రాసుకున్నది.

శనివారం భాస్కరరావు సార్ రంగుల పుస్తకం తిప్పుకుంట మురిసిపోతున్నడు. "ఇదే కదా? బొమ్మలు లేని పుస్తకం ఎవరు ముట్టుకుంటారమ్మా?"

"సార్, మన గేటు కాడ గోరింట కొమ్మకు చిన్న తేనెతుట్టె ఉంది గద. దాన్ని ఈ పుస్తకంల చూపియ్యండ్రి సార్."

"అదెంత భాగ్యం" అని సార్ అద్దాలు పెట్టుకున్నడు. ముందుకు తిప్పిండు. ఎనక్కు తిప్పిండు. సూచికల ఏలు పెట్టి కిందికి జార్చిండు. బిందు సోనీ మోచేయి గిచ్చింది, నవ్వకు అన్నట్టు. బెల్లు కొట్టిన్రు. సార్ ఇంక తిప్పుతనే ఉన్నడు. చివరికి అద్దాలు తీసి, గోధుమ అట్ట పుస్తకాన్ని తన దిక్కు లాక్కొని, చిట్టీ మీద దాని పేరు రాసిండు.

"ఎందుకు తీసుకున్నామో ఒక ముక్క రాయాలి. ఏం రాయను?"

"మన గేటు కాడి ఈగ దీంట్ల ఉందని రాయండ్రి సార్."

సార్ నవ్వి, అట్లనే రాసిండు. "సోమవారం దాకా ఉంచుకో. గోడ సంగతి బిందు చెప్పింది."

ఆదివారం పొద్దుగాల నర్సింహ మేస్త్రి వచ్చిండు. సిమెంట్ బస్తా దించిండు, ఇసుక జల్లెడ పట్టిండు, తాపీ గోలెంల కడిగిండు. సోనీ మట్టిగోడకు వీపు ఆనిచ్చి నిలబడ్డది, చంకల గోధుమ పుస్తకం.

"ఏంది మైసన్నా, గోడకు కాపలా పెట్టినవా?" అన్నడు నర్సింహ.

"జరుగు బిడ్డా" అన్నడు తాత.

"జరుగుత తాతా. రెండు మాటలు చెప్పి జరుగుత." గుక్క తిప్పుకున్నది. ఈసారి మెల్లగ చెప్పాలె అని రాత్రి పది సార్లు అనుకున్నది, అయినా నోరు ఉరుకుతనే ఉంది. "సోమవారం నేను చదివింది మన ఈగ గాదు. ఆ పుస్తకం చల్లటి దేశాలది. జుంటీగను అడిగితే దానికి తెల్వలే. మొదటి పేజీల రాసే ఉంది, నేనే చూడలే. ఇది మన దేశం పుస్తకం, జుంటీగ తెలుసు, తుమ్మెద తెలుసు. అందుకే దీన్ని నమ్మిన."

"ఏమంటది?"

"ఒంటరి ఈగ. మట్టిగోడల, ఏటిగట్టు మట్టిల ఉంటదంటది."

"పేరు?"

"రెండు పేర్ల కాడ ఆగిన. రెండిట్ల ఏదో నాకు తెల్వలే."

నర్సింహ తాపీ ఆపి చూసిండు.

"గోడకు మంచిదా చెడ్డదా?"

"దీంట్ల లేదు తాతా. పడగొడ్తదని లేదు, పడగొట్టదని గూడ లేదు. నేను పుల్ల పెట్టి కొలిచిన. తూటు ఏలెడే, గోడ మూరెడు. ఇరవై రెండేండ్ల సంది అమ్మ చూస్తనే ఉంది. గదే నాకు తెలిసింది."

తాత గోడను చూసిండు, నేలను చూసిండు. తర్వాత ఏమీ ఎరగనట్టు అడిగిండు.

"గవి కుడ్తయా?"

సోనీ చేయి చున్నీలకు పోయింది. బిందు మాట యాదికొచ్చింది. కుట్టయ్ అంటే సరిపోతది. ఒక్క మాట. బస్తీ పిల్లలు, చుట్టాలు అందరూ దున్నను చూడనీకి వచ్చేది ఈ కొట్టంలకే. కుడ్తయ్ అంటే ఏ పెద్దమనిషి ఉంచుకుంటడు?

"కుడ్తయ్ తాతా" అన్నది. చున్నీల నుంచి వేలు తీసి చూపిచ్చింది. "పట్టుకుంటే, నొక్కితే కుడ్తయ్. మీదికొచ్చి కుట్టయ్. మొన్న నన్ను కుట్టింది, తప్పు నాదే."

తాత తన కుడిచేయి ముందుకు సాపి, అరచెయ్యి తిప్పి, బొటనేలు మొదట్ల ఒక చోట చూపిచ్చిండు. "పోయిన దసరాకు గోడకు చెయ్యి ఆనిచ్చిన. కింద ఒకటుండె. రెండు దినాలు వాసింది."

"మరి నీకు తెలుసు గద తాతా, ఎందుకు అడి..."

సోనీ నోరు తెరిచినది తెరిచినట్టే ఉంది. తాత అప్పటికే నర్సింహ దిక్కు తిరిగిండు.

"కింద మూడు ఫీట్లు సిమెంట్ కొట్టు. బర్రెల పెండ, నీళ్ళు కొట్టి ఆడ మట్టి ఊడిపోతుంది, అది నేను కండ్లార చూస్తున్న. పైన ముట్టకు."

"పైన గట్లనే జల్లెడ లెక్క ఉండనా? సదర్‌కు జనం నవ్వరా మైసన్నా?"

"చుట్టు ఎర్రమట్టి జాజు పట్టీ ఏపిస్త. డిజైన్ అనుకుంటరు."

"పురుగులకు డిజైనా!" అని నర్సింహ నవ్వుకుంట మాలు కలిపిండు.

"తాతా, కింద కూడ పదకొండు తూట్లున్నయ్" అన్నది సోనీ. "నేను లెక్కపెట్టిన. లోపల పిల్లలుంటయ్."

"పదకొండు పోతయ్" అన్నడు తాత. "పైన ఎన్నున్నయ్?"

"నూట నాలుగు."

తాత తల ఊపిండు. ఇంకా అడిగితే ఆ నూట నాలుగు కూడ పోతయని సోనీకి తెలుసు. జరిగింది. నర్సింహ తాపీ పదకొండింటి మీదికెల్లి పోతుంటే చూడలేక పుస్తకం లోపల పెట్టనీకి పోయింది.

సాయంత్రం వరకు కిందిభాగం బూడిదరంగుల నున్నగ అయింది. రాజమణి పైభాగం చుట్టు జాజుతోటి ఏలెడు పట్టీ గీసింది, మూలలకు తెల్లసున్నంతోటి చుక్కలు పెట్టింది. నిజంగనే కావాలని చేసినట్టే ఉంది. దున్న దాని ముందల నిలబడి తోక ఊపుతుంది.

ఒక గాజుల ఈగ తులసి కాడికెల్లి వచ్చింది, కాళ్ళ నిండ పుప్పొడి. సక్కగ కిందికి పోయింది, సిమెంట్ ముందల ఆగింది. ఎడమకు జరిగింది, కుడికి జరిగింది. దాని తూటు అక్కడ్నే ఉండె. జర ఎనకకు పోయి మళ్ళ వచ్చింది. అదే చోట ఆగింది.

తాత మంచం మీదికెల్లి అదే చూస్తున్నడు. "ఏం జేస్తదిప్పుడు? పైకి పోయి కొత్తది తొలుచుకుంటదా?"

తొలుచుకుంటది అని సోనీ నోటి దాక వచ్చింది. ఆగింది. ఇది ఆయనకు తెలిసి అడిగిందా, తెల్వక అడిగిందా అని ఆయన ముఖం చూసింది. తెల్వకనే అడిగిండు.

"తెల్వదు తాతా. చూడాలె."

"మ్" అన్నడు తాత. లేచి, మంచం కోడు పట్టుకొని, గోడ మంచిగ కనపడేటట్టు ఇటు జరుపుకున్నడు. సోనీకి కూసోనీకి జర జాగ ఇడిచిండు.